చిన్న రొయ్యల అక్వేరియంలో స్థూల శైవలాల పెంపకం

బల్ల మీద పట్టేంత చిన్న గాజుతొట్టెలో రొయ్యలతో పాటు, కంటికి కనిపించేంత పెద్దగా ఎదిగే నాచుజాతులను పెంచడం అక్వేరియం విద్యలో ఒక ప్రత్యేక శాఖ. ఈ తొట్టెలు ఎక్కువగా 10 నుంచి 40 లీటర్ల లోపు ఉంటాయి. వాటిలో పెంచేవి కూరకు వచ్చే రొయ్యలు కావు, ఒకటి నుంచి ఆరు సెంటీమీటర్ల పొడవుండే అలంకార జాతులు. తొట్టెలో నాచు వల్ల మూడు ప్రయోజనాలున్నాయి. నీటిలో పేరుకునే వ్యర్థాలను అది పీల్చుకుంటుంది. రొయ్యలకు దాగుచోటూ మేసేచోటూ అవుతుంది. చూడ్డానికి పచ్చగా, ఎర్రగా ఇంపుగా ఉంటుంది. వీటిలో మొదటిది నెరవేరాలంటే మాత్రం పెంచే మనిషి చెయ్యి పడాలి: పెరిగిన నాచును ఎప్పటికప్పుడు కోసి బయటికి తీయాలి. ఈ పెంపకానికి ఆయువుపట్టు ఆ కోతే.

పేరు, పరిభాష

చెరువు మీద తేలే పచ్చటి పొరను పాచి అనీ, మెట్ల మీద కాలు జారేలా పట్టేదాన్ని పాకుడు అనీ, పోగులుగా సాగేదాన్ని నాచు అనీ తెలుగువాడుకలో అంటుంటాం. ప్రాంతాన్ని బట్టి ఈ మాటలు ఒకదాని చోట ఒకటి వస్తాయి. పాఠ్యపుస్తకాలు వీటన్నిటినీ శైవలాలు అంటాయి. సూక్ష్మదర్శినిలో తప్ప విడిగా కనిపించనివి సూక్ష్మ శైవలాలు, చేత్తో పట్టుకోగలిగేవి స్థూల శైవలాలు. అక్వేరియం పెంచేవాళ్లు వీటినే మాక్రో ఆల్గే అంటారు.

శైవలాలకు నిజమైన వేరు, కాండం, ఆకు ఉండవు. అలా కనిపించే భాగాలున్నా, ఒళ్లంతా నీటినుంచి నేరుగా పోషకాలు తీసుకుంటుంది. రాతిని పట్టుకునే కొస పట్టుకోసమే గాని, మొక్కల వేరులా పోషణ భారం మోయదు. అందుకే చాలా రకాలకు తొట్టె అడుగున సారవంతమైన మట్టి పరవనక్కర్లేదు.

దుకాణాల్లో పేర్లు కలగాపులగం అవుతుంటాయి. 'మాస్ బాల్' పేరుతో అమ్మే పచ్చటి బంతి నిజానికి శైవలం. జావా మాస్ మాత్రం శైవలం కాదు, భూమి మీది మాస్ మొక్కల కుటుంబానికి చెందినది. రెండింటికీ పడే మందులూ, అవసరాలూ వేరు కనుక ఈ తేడా పెంచేవాళ్లకు ముఖ్యం.

చరిత్ర

నాచును, జలచరాలను ఒకే గాజుపాత్రలో నిలబెట్టవచ్చన్న ఆలోచన 19వ శతాబ్దం మధ్యలో లండన్‌లో రూపు దిద్దుకుంది. ఆనా థిన్ అనే మహిళ 1840లలో సముద్రపు నాచును, పగడాలను తన ఇంట్లో బతికించారు. రసాయన శాస్త్రవేత్త రాబర్ట్ వారింగ్టన్ 1850లో చేపలు, నీటిమొక్కలు, నత్తలు కలిపి పెట్టి, వాటి మధ్య సమతూకం కుదిరితే నీరు చెడిపోదని చూపారు. తర్వాత అదే ప్రయోగాన్ని సముద్రపు నీటితో, ఆకుపచ్చ నాచుతో చేశారు. ఆ తొట్టెల్లో రొయ్యల నడవడికను కూడా గమనించి రాశారు. ఫిలిప్ హెన్రీ గాస్ 1854లో వెలువరించిన 'ది అక్వేరియం' ఈ అభిరుచిని, ఆ పేరును జనంలోకి తీసుకెళ్లింది.

ఇరవయ్యో శతాబ్దంలో జకార్తాకు చెందిన లీ చిన్ ఎంగ్, జీవం ఉన్న సముద్రపు రాళ్లు, వెలుగు, కొద్దిపాటి గాలిబుడగలతోనే తొట్టెను నడపవచ్చని 1961లో వివరించారు. అమెరికాలోని స్మిత్సోనియన్ సంస్థ శాస్త్రవేత్త వాల్టర్ ఏడీ ఒక అడుగు ముందుకేసి, నాచునే శుద్ధియంత్రంగా మలిచారు. తెరల మీద నాచును పెరగనిచ్చి, దాన్ని క్రమం తప్పకుండా గీకి తీసేస్తే నీరు శుభ్రపడుతుందన్నది ఆయన పద్ధతి. కారెన్ లవ్‌లాండ్‌తో కలిసి రాసిన 'డైనమిక్ అక్వేరియా' 1991లో వచ్చింది.

రొయ్యలకు ఆదరణ జపాన్ నుంచి మొదలైంది. అక్వేరియం కళాకారుడు తకాషి అమానో 1980లలో కారిడినా మల్టిడెంటాటా అనే రొయ్యను పీచునాచు తినడానికి తొట్టెల్లో వదిలారు. ఇప్పుడు అది ఆయన పేరుతోనే అమానో రొయ్యగా చెలామణి అవుతోంది. తర్వాత చెర్రీ రొయ్యల రంగురంగుల వంగడాలు వచ్చాక, చేపలు లేని చిన్న రొయ్యల తొట్టె ప్రపంచమంతా పాకింది.

పోషకాల లెక్క

రొయ్య తిన్న మేతలోని మాంసకృత్తులు దాని ఒంట్లో అరిగాక, మిగిలిన నత్రజని ఎక్కువగా మొప్పల గుండా అమ్మోనియాగా నీటిలోకి వస్తుంది. తినగా మిగిలి కుళ్లిన మేత నుంచీ అమ్మోనియా పుడుతుంది. బాక్టీరియా దాన్ని ముందు నైట్రైట్‌గా, తర్వాత నైట్రేట్‌గా మారుస్తాయి. కొత్త తొట్టెలో ఈ బాక్టీరియా స్థిరపడడానికి నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. నాచు వీటిలో అమ్మోనియాకే మొదటి ప్రాధాన్యం ఇస్తుంది. ఆపై నైట్రేట్‌ను, ఫాస్ఫేట్‌ను తీసుకుంటుంది.

ఒక గ్రాము మేతను పట్టుకుని లెక్క వేస్తే విషయం స్పష్టమవుతుంది. మేతలో 40 శాతం మాంసకృత్తులు ఉన్నాయనుకుందాం. మాంసకృత్తుల్లో సుమారు 16 శాతం నత్రజని ఉంటుంది. అంటే గ్రాము మేతతో 64 మిల్లీగ్రాముల నత్రజని తొట్టెలో పడింది. అదంతా నైట్రేట్‌గా మారితే సుమారు 283 మిల్లీగ్రాములు అవుతుంది. 20 లీటర్ల తొట్టెలో లీటరుకు 14 మిల్లీగ్రాములన్నమాట. ఇప్పుడు నాచు వైపు చూద్దాం. ఎండిన నాచు బరువులో 3 శాతం నత్రజని ఉందనీ, తడి నాచు ఎండితే పదోవంతు మిగులుతుందనీ అనుకుంటే, ఆ 64 మిల్లీగ్రాములను ఒంట్లో దాచుకోవడానికి సుమారు 21 గ్రాముల తడి నాచు కొత్తగా పెరగాలి. రొయ్యల ఒంట్లో కలిసే భాగాన్ని తీసేస్తే అసలు లెక్క ఇంతకంటే కొంత తక్కువ ఉంటుంది. అయినా కొలత గుర్తుంచుకోదగ్గది: గ్రాము మేతకు గుప్పెడు నాచు.

ఆ గుప్పెడూ తొట్టెలోనే ఉన్నంతకాలం వ్యర్థం నీటి నుంచి నాచులోకి చోటు మారిందంతే. నాచు ముదిరి, నీడపట్టున కుళ్లితే దాచుకున్నదంతా తిరిగి నీటిలో కలుస్తుంది. కోసి బయట పడేసినప్పుడే లెక్క తీరుతుంది.

దీనికి రెండో వైపు కూడా ఉంది. చెర్రీ రొయ్యల్లాంటి చిన్నవి చాలా కొద్దిగా తింటాయి. ఇరవై రొయ్యల తొట్టెలో నాలుగు గుప్పెళ్ల నాచు వేస్తే కొద్దివారాల్లో నాచుకే తిండి చాలదు. రంగు పాలిపోవడం, కొసలు పారదర్శకం కావడం, ఎదుగుదల ఆగడం ఆ ఆకలికి గుర్తులు. సముద్రపు నాచుల శరీరంలో కార్బన్, నత్రజని, భాస్వరం అణువుల సగటు నిష్పత్తి 550:30:1 అని అట్కిన్సన్, స్మిత్ 1983లో లెక్కగట్టారు. భాస్వరం కన్నా నత్రజని చాలా ఎక్కువ కావాలి కనుక, తొట్టెలో నైట్రేట్ ముందే అయిపోయి ఫాస్ఫేట్ మిగిలిపోవడం తరచూ జరుగుతుంది. అలాంటప్పుడు కొద్దికొద్దిగా పొటాషియం నైట్రేట్ కలుపుతారు, లేదా నాచును తగ్గిస్తారు. ఇనుము లోపించినా ఆకుపచ్చ రంగు వెలిసిపోతుంది.

మంచినీటి రకాలు

మారిమో: ఏగాగ్రోపైలా లిన్నేయి అనే పోగునాచు సరస్సు అడుగున అలల కదలికకు దొర్లుతూ గుండ్రటి బంతిగా మారుతుంది. జపాన్‌లోని హొక్కైడో దీవిలో ఆకాన్ సరస్సు దీనికి ప్రసిద్ధి. అక్కడ 30 సెంటీమీటర్ల వరకు వ్యాసం ఉన్న బంతులు పెరుగుతాయి. జపాన్ ప్రభుత్వం వీటిని 1921లో సహజ స్మారకంగా, 1952లో ప్రత్యేక సహజ స్మారకంగా ప్రకటించింది. ఏడాదికి సుమారు అయిదు మిల్లీమీటర్లే పెరుగుతుంది కనుక నీటిని శుద్ధి చేసే బలం దీనికి తక్కువ. పోగుల మధ్య చిక్కిన సూక్ష్మజీవుల కోసం రొయ్యలు మాత్రం దీన్ని వదిలిపెట్టవు. చల్లటి నీటి జీవి కావడంతో 25 డిగ్రీల సెల్సియస్ లోపు బాగుంటుంది. వారానికోసారి తీసి, తొట్టె నీటిలోనే మెల్లగా పిండి, తిప్పి పెట్టాలి. లేకపోతే అడుగు వైపు గోధుమరంగుకు తిరుగుతుంది.

కారా, నైటెల్లా: ఇవి చూడ్డానికి అచ్చం నీటిమొక్కల్లా ఉంటాయి. కణుపు కణుపుకీ చుట్టూ కొమ్మలు వేస్తాయి. రెండు కణుపుల మధ్య భాగం ఒకే కణం, దాని పొడవు కొన్ని సెంటీమీటర్ల దాకా ఉంటుంది. కణంలోపల ద్రవ్యం ప్రవహిస్తూ ఉంటుందని ఇటలీ శాస్త్రవేత్త బొనవెంచురా కోర్తి 1774లో ఇలాంటి శైవలంలోనే చూశారు. నైటెల్లా మెత్తగా, త్వరగా పెరుగుతుంది. రొయ్యపిల్లలకు మంచి పొద. కారా కఠినజలంలో ఒంటి మీద సున్నపు పొర వేసుకుంటుంది. పైపెంకు కట్టుకోవడానికి రొయ్యకూ అదే కాల్షియం కావాలి కనుక, కారా దట్టంగా ఉన్న తొట్టెలో నీటి కఠినతను తరచూ పరీక్షించాలి.

కాలోగ్లోసా: ఊదారంగు కలిసిన ఎర్ర శైవలం. దీని బంధువులు చాలావరకు మడ అడవుల వేళ్ల మీద ఉప్పుతగిలే నీటిలో పెరుగుతాయి. తొట్టెల్లో పెంచే రకం మంచినీటికి అలవాటుపడింది. చాలా నెమ్మదిగా ఎదుగుతూ రాతికి అతుక్కుని చిన్న కుచ్చులు కడుతుంది. అందం కోసం పెంచేదే తప్ప వ్యర్థాలు లాగేది కాదు.

ఉప్పుకలిసిన నీటి రకాలు

సముద్రపు నీటిలో సగం ఉప్పుండే తొట్టెకు హవాయి దీవుల ఎర్ర రొయ్య హాలోకారిడినా రూబ్రా చక్కటి ఉదాహరణ. హవాయి భాషలో దాని పేరు ఓపే ఉలా, అంటే ఎర్ర రొయ్య. లావా రాళ్ల మధ్య, నేల కింది నుంచి సముద్రంతో కలిసే చిన్న మడుగుల్లో ఇవి గుంపులుగా ఉంటాయి. పొడవు ఒకటిన్నర సెంటీమీటరు దాటదు, ఆయుష్షు మాత్రం పదేళ్లకు పైమాటే. హవాయి జాలరులు వీటిని చేపలకు ఎరగా వాడేవారు. రాళ్ల మీది శైవలాల పొరను, బాక్టీరియాను గీరి తినే ఈ రొయ్యల తొట్టెలో కీటోమార్ఫా పోగులు వేస్తే ఇద్దరికీ సరిపోతుంది. విడిగా మేత వేయాల్సిన అవసరం దాదాపు రాదు.

సముద్రపు రకాలు

కీటోమార్ఫా: పెంచేవాళ్లు ముద్దుగా కీటో అంటారు. చిక్కుపడిన నైలాన్ దారపు ఉండలా ఉంటుంది, చేత్తో పట్టుకుంటే దూదిలా అంటుకోకుండా గరగరలాడుతుంది. భూతద్దంతో చూస్తే ఒక్కో పోగూ పూసలు గుచ్చినట్టు వరసగా పేర్చిన కణాలు. దేనికీ అతుక్కోదు, వదిలేస్తే తేలుతూ పెరుగుతుంది. కత్తెరతో సగం కోసినా రసం కారి నీరు పాడుకాదు. చిన్న తొట్టెకు మొట్టమొదటి నాచుగా దీన్ని మించింది లేదు. ఈ ఉండ లోపల కంటికి ఆనని క్రస్టేషియన్లు పెరిగి రొయ్యలకు సజీవమైన మేత అవుతాయి.

గ్రాసిలేరియా, హాలిమేనియా, బోట్రియోక్లాడియా: ఎర్ర శైవలాలు. గ్రాసిలేరియా కొమ్మలుకొమ్మలుగా పెరుగుతుంది. దారంతో రాతికి కట్టి నాటవచ్చు. బోట్రియోక్లాడియా జిగురు నిండిన ఎర్రటి బుడగలతో ద్రాక్షగుత్తిలా ఉంటుంది. ఆకుపచ్చ రకాల కన్నా తక్కువ వెలుగు చాలు. మరీ తీక్షణమైన వెలుగులో రంగు వెలిసిపోతాయి.

అల్వా: రెండు కణాల మందంలో పలచటి ఆకుపచ్చ రేకు. పోషకాలను చాలా వేగంగా పీల్చుతుంది, అంతే వేగంగా చినుగుతుంది. రొయ్యలు, నత్తలు ఇష్టంగా తింటాయి.

హాలిమెడా: కాల్షియం నింపుకున్న బిళ్లలు గొలుసులా పేర్చినట్టుంటుంది. సముద్రపు నీటిలో లీటరుకు సహజంగా ఉండే సుమారు 410 మిల్లీగ్రాముల కాల్షియం తగ్గితే ఎదుగుదల ఆగిపోతుంది.

కాలెర్పా: పైకి చూస్తే తీగ, ఆకులు, వేళ్లు అన్నీ ఉంటాయి, అయినా మొత్తం మొక్క మధ్యగోడలు లేని ఒకే కణం. ఆకుల ఆకారాన్ని బట్టి ఎన్నో జాతులున్నాయి. ఫిలిప్పీన్స్‌లోనూ, జపాన్‌లోని ఒకినావాలోనూ ఒక జాతిని పచ్చిగానే తింటారు. పెరుగుదల వేగం, అందం రెండూ ఉన్నా, దీనికి ఒక ప్రమాదకరమైన అలవాటుంది. దాన్ని ఆపదల భాగంలో చూడవచ్చు.

తగిన రొయ్యలు

మంచినీటిలో మొదటి ఎంపిక చెర్రీ రొయ్య, శాస్త్రీయ నామం నియోకారిడినా డేవిడి. తూర్పు ఆసియా దీని పుట్టిల్లు. ఎదిగిన ఆడది సుమారు మూడు సెంటీమీటర్లు. ఇరవై ముప్పై గుడ్లను పొట్టకింద మోస్తూ మూడు నాలుగు వారాలు ఈతకాళ్లతో వాటి మీదికి నీరు విసురుతుంది. పొదిగి బయటికొచ్చిన పిల్లలు అచ్చం తల్లిలాగే ఉంటాయి, మధ్యలో లార్వా దశ లేదు. అందుకే చిన్న తొట్టెలోనే సంతతి పెరుగుతుంది. పుట్టిన రోజు నుంచీ ఆ పిల్ల మేసేది నాచు పోగుల మీది సూక్ష్మజీవుల పొరనే. తొట్టె ముందు కూర్చుని చూస్తే ఆ పని తెలుస్తుంది. ముందు రెండు జతల కాళ్ల చివర బుల్లి పట్టకార్లు. ఒకటి పోగును గీరుతుంటే ఇంకొకటి నోటికి అందిస్తుంటుంది. బియ్యంలో రాళ్లేరే చేతుల్లా క్షణం ఆగవు.

సముద్రపు తొట్టెలో పదిహేను, ఇరవై లీటర్లకు థోర్ అంబోయినెన్సిస్ సరిపోతుంది. సెంటీమీటరు పైచిలుకు ఉండే ఈ రొయ్య తోక పైకెత్తి ఊపుతూ తిరుగుతుంది. చేపల ఒంటి మీది పరాన్నజీవులను ఏరి తినే లిస్మాటా అంబోయినెన్సిస్ అయిదారు సెంటీమీటర్లు ఎదుగుతుంది కనుక దానికి 40 లీటర్లయినా ఉండాలి. ఈ సముద్రజాతుల పిల్లలు లార్వాలుగా నీటిలో తేలుతూ పెరగాలి. చిన్న తొట్టెలో అవి బతికి బట్టకట్టడం అరుదు.

రొయ్య ఎదగాలంటే పైపెంకు విడవాలి. కొత్త పెంకు గట్టిపడేదాకా అది మెత్తగా, నిస్సహాయంగా ఉంటుంది. ఆ గంటల్లో నాచు పొద దానికి గూడు. నాచును కోసేటప్పుడు ఒక్కసారిగా తొట్టె ఖాళీ చేయకూడదనడానికి ఇదొక ముఖ్య కారణం.

తొట్టె ఏర్పాటు

నీరు: కొళాయి నీటిలోని క్లోరిన్ ఒక రోజు తెరిచి ఉంచితే పోతుంది. క్లోరమైన్ అలా పోదు, దానికి మందు కలపాలి. చెర్రీ రొయ్యలకు పీహెచ్ 6.5 నుంచి 7.8 వరకు, ఉష్ణోగ్రత 20 నుంచి 26 డిగ్రీల వరకు అనుకూలం. బోరునీరు మరీ కఠినంగా ఉంటే ఆర్‌ఓ నీటిని కలిపి పలుచన చేస్తారు. ఒట్టి ఆర్‌ఓ నీటిలో ఖనిజాలు ఉండవు కనుక రొయ్య పెంకు విడవలేక చచ్చిపోతుంది. సముద్రపు తొట్టెకు ఆర్‌ఓ నీటిలో అక్వేరియం ఉప్పు కలిపి లీటరుకు 35 గ్రాముల లవణీయత తెస్తారు. వంట ఉప్పు ఇందుకు పనికిరాదు.

ఆవిరి: చిన్న తొట్టెకు పెద్ద శత్రువు. 10 లీటర్ల సముద్రపు తొట్టెలో ఒక లీటరు ఆవిరైతే ఉప్పు అలాగే ఉండి లవణీయత 35 నుంచి దాదాపు 39కి చేరుతుంది. తగ్గిన మేరకు రోజూ ఉప్పులేని నీటినే పోయాలి. గాజు మీద నీటిమట్టానికి గీత గీసుకుంటే ఈ పని మరవరు.

వెలుగు: రోజుకు 8 నుంచి 10 గంటల ఎల్‌ఈడీ దీపం చాలు. నేరుగా ఎండ పడే కిటికీ దగ్గర పెడితే తొట్టె వేడెక్కి, గాజంతా పాచి పడుతుంది.

ప్రవాహం: నాచు చుట్టూ నీరు నిలిచిపోతే పోషకాలు అందవు, దుమ్ము పేరుకుంటుంది. కీటోమార్ఫా ఉండ నెమ్మదిగా దొర్లేంత కదలిక మంచిది. రొయ్యపిల్లలు ఫిల్టర్‌లోకి లాగబడకుండా స్పాంజి ఫిల్టర్ వాడతారు.

వరస: ముందు నాచు, నాలుగు నుంచి ఆరు వారాలకు అమ్మోనియా, నైట్రైట్ సున్నా అయ్యాక రొయ్యలు. కొత్తగా తెచ్చిన నాచును విడి పాత్రలో కొద్దిరోజులు ఉంచి, కడిగి వేయాలి. తూనీగ పిల్ల, హైడ్రా, ప్లనేరియా వంటి వేటజీవులు ఇలాగే దొంగచాటుగా వస్తాయి. ఒక్క తూనీగ పిల్ల చాలు, రొయ్యపిల్లలన్నిటినీ తినేయడానికి.

ఆపదలు

రాగి: రొయ్య రక్తంలో ఆక్సిజన్‌ను మోసే హిమోసయనిన్‌లో రాగి ఉంటుంది. అయినా నీటిలో కరిగిన రాగి కొంచెమైనా దానికి విషం, నాచుకూ అంతే. పాచిని చంపడానికి వాడే మైలుతుత్తం రాగి లవణమే. చేపల జబ్బులకు ఇచ్చే మందులు చాలావాటిలో రాగి ఉంటుంది. రాగి బిందెలో నిల్వ ఉంచిన నీళ్లు మనుషులకు ఎంత ఇష్టమైనా తొట్టెలో పోయకూడదు. 'లిక్విడ్ కార్బన్' పేరుతో అమ్మే ఎరువుల్లోని గ్లుటరాల్డిహైడ్ కూడా నాచును చంపేదే.

రాత్రి ఆక్సిజన్: పగలు ఆక్సిజన్ ఇచ్చే నాచు రాత్రి దాన్ని తీసుకుంటుంది. అందుకే తెల్లవారుజామున ఆక్సిజన్ అట్టడుగుకు పడిపోతుంది. భీమవరం వైపు రొయ్యల రైతులు రాత్రంతా చెరువుల్లో ఏరేటర్లు తిప్పేది, వేకువన డీఓ, అంటే నీటిలో కరిగిన ఆక్సిజన్, చూసుకునేది ఈ భయంతోనే. గాజుతొట్టెలో జరిగేదీ అదే. పైగా 20 డిగ్రీల మంచినీటిలో లీటరుకు సుమారు 9 మిల్లీగ్రాముల ఆక్సిజన్ కరిగితే, 30 డిగ్రీల దగ్గర ఏడున్నరే కరుగుతుంది. వేసవిలో నాచు దట్టంగా ఉన్న తొట్టెకు రాత్రిపూట గాలిపంపు తప్పనిసరి.

కాలెర్పా తెల్లబడడం: పరిస్థితులు తారుమారైతే కాలెర్పా తన జీవద్రవ్యం మొత్తాన్ని సంయోగబీజాలుగా మార్చి ఒక్కసారిగా వదిలేస్తుంది. ముందురోజు ఆకుల మీద వలలాంటి గీతలు పడతాయి, రంగు మచ్చలుమచ్చలుగా పలచబడుతుంది. తెల్లారేసరికి నీరు పచ్చటి కుడితిలా ఉంటుంది, మొక్క స్థానంలో గాజు కాగితం లాంటి తెల్లటి తొడుగు వేలాడుతుంది. దాచుకున్న పోషకాలన్నీ మళ్లీ నీటిలో పడి, ఆక్సిజన్ తగ్గి, చిన్న తొట్టెలో రొయ్యలు చచ్చిపోతాయి. గీతలు కనపడగానే ఆ కొమ్మలను పూర్తిగా తీసేయాలి, నీరు మార్చాలి. తరచూ కోసే కాలెర్పాలో ఈ ముప్పు తక్కువని పెంపకందారుల అనుభవం.

పీచునాచు: కోరి పెంచే నాచు మీదికే కోరని నాచు ఎక్కుతుంది. కారణం ఎక్కువగా మిగులు మేత. చెరువు రైతులు చెక్ ట్రేలో మేత ఎంత మిగిలిందో చూసి మర్నాటి మోతాదు తేల్చుకుంటారు. ఇంటి తొట్టెలోనూ చిన్న గాజుపళ్లెంలో మేత పెట్టి, రెండు గంటల తర్వాత మిగిలింది తీసేయడం అంతే మేలు చేస్తుంది.

పర్యావరణ బాధ్యత

తొట్టెలో ముచ్చటగా ఉన్న నాచు బయటి నీటిలో ఉపద్రవం కావచ్చు. కాలెర్పా టాక్సిఫోలియా అందుకు నిదర్శనం. అక్వేరియాల్లో పెరిగిన, చలిని తట్టుకునే ఒక వంగడం 1984లో మొనాకో తీరంలో, సముద్ర మ్యూజియం కింద సుమారు ఒక చదరపు మీటరు మేర కనిపించింది. అక్కడి నుంచి మధ్యధరా తీరంలో పలుచోట్లకు పాకి, సముద్రపు గడ్డి మైదానాలను కమ్మేసింది. ఫ్రెంచి శాస్త్రవేత్త అలెగ్జాండర్ మైనేజ్ దాని మీద ఏళ్లతరబడి హెచ్చరించారు. కాలిఫోర్నియాలో 2000 జూన్‌లో ఇదే నాచు ఒక లగూన్‌లో బయటపడితే, టార్పాలిన్లు కప్పి క్లోరిన్ పోసి, దాన్ని పూర్తిగా తుదముట్టించామని ప్రకటించేసరికి 2006 వచ్చింది. మంచినీటి వైపు 2021 మార్చిలో అమెరికా దుకాణాల్లోని మారిమో బంతుల్లో జీబ్రా మసెల్ అనే ఆల్చిప్పలు దొరికాయి. అవి నీటి గొట్టాలనే మూసేయగల దురాక్రమణ జాతి.

కోసిన నాచును, తొట్టె కడిగిన నీటిని కాలువలో, చెరువులో, సముద్రంలో పోయకూడదు. ఎండలో పూర్తిగా ఎండబెట్టాలి. మంచినీటి నాచును పూలకుండీల్లో వేయవచ్చు. సముద్రపు నాచునైతే ఉప్పుపోయేలా కడిగిన తర్వాతే వేయాలి.

తెలుగు తీరంలో

విశాఖపట్నం రాళ్ల తీరం శైవలాలకు పేరున్న చోటు. ఆటుపోట్ల మధ్య పెరిగే ఇక్కడి నాచుల మీద ఎం. ఉమామహేశ్వరరావు, టి. శ్రీరాములు చేసిన అధ్యయనం 1964లో వెలువడింది. అల్వా, గ్రాసిలేరియా, కీటోమార్ఫా, కాలెర్పా ప్రజాతులు ఈ తీరంలో సహజంగానే ఉన్నాయి. అయితే అలల తాకిడికి అలవాటుపడ్డ జాతులు నిలకడ నీటి తొట్టెలో ఎక్కువకాలం నిలవవు. ఇళ్లలో పాయసాలకు, జెల్లీలకు వాడే చైనా గ్రాస్, అంటే అగార్, గ్రాసిలేరియా వంటి ఎర్ర శైవలాల నుంచే వస్తుంది.

ఇక్కడి పెంపకందారులకు అసలు పరీక్ష ఎండాకాలం. ఆకాన్ సరస్సు చలికి పుట్టిన మారిమో కన్నా వేడిని ఓర్చే గ్రాసిలేరియా, కీటోమార్ఫా, మంచినీటిలో నైటెల్లా తేలిక. నీటి మీదికి చిన్న ఫ్యాను తిప్పితే రెండు మూడు డిగ్రీలు తగ్గుతుంది. ఆ మేరకు ఆవిరి పెరుగుతుంది కనుక రోజూ నీరు పోయడం మరింత ముఖ్యమవుతుంది.

కోత

బాగా పెరిగే నాచును వారానికో, రెండు వారాలకో ఒకసారి కోస్తారు. ఒక్కసారికి మూడోవంతుకు మించి తీయరు. కోసినదాన్ని తొట్టె నీరున్న గిన్నెలో మెల్లగా ఆడించి, కొద్దిసేపు అలాగే వదిలేయాలి. పోగుల్లో చిక్కుకున్న రొయ్యపిల్లలు ఒక్కొక్కటే బయటికి వస్తాయి. కనురెప్ప వెంట్రుకంత సన్నగా ఉంటాయి కనుక తెల్లటి గిన్నె అయితే కనిపిస్తాయి. వాటిని తిరిగి తొట్టెలో వదిలాక నాచును పిండి, తూచి, తేదీతో రాసి పెట్టుకోవాలి.

ఆ బరువు తొట్టె ఆరోగ్యాన్ని చెప్పే నమ్మకమైన గుర్తు. మేత అంతే వేస్తున్నా కోత తగ్గుతోందంటే నాచుకు వెలుగో, ఇనుమో, నైట్రేటో చాలడం లేదని అర్థం. కోత పెరుగుతోందంటే మేత ఎక్కువవుతోందని అర్థం. రెండూ సరితూగిన తొట్టెలో నైట్రేట్ పరీక్ష వారంవారం ఒకే రంగు చూపిస్తుంది, రొయ్యలు వేళకు పెంకు విడుస్తాయి, గుడ్లు మోస్తాయి. పది లీటర్ల నీటికి అంతటి నిలకడను తెచ్చిపెట్టేది ఆ గిన్నెలో పిండి పెట్టిన గుప్పెడు నాచే.